మన కావలిలో ఉండేది ఎవరెవరు? లెక్క ఎక్కడైనా ఉందా?

ట్రంకురోడ్డు
మా పెద్దాడు అమెరికాలో, ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉంటాడు. చిన్నదంటే మన బోగోలు కంటే చిన్నది. మొన్న ఆ ఊరి జనాభా పేజీ ఫోన్‌లో పంపాడు. తెల్లవాళ్లు ఇంత శాతం, నల్లవాళ్లు ఇంత, ఆసియావాళ్లు ఇంత, రెండు మూడు జాతులు కలిసినవాళ్లు ఇంత అని పాయింటు తర్వాత రెండంకెలు కూడా వేసి రాశారు. "ఆసియావాళ్లు అర శాతం కూడా లేరు కదా నాన్నా, అందులో మేం నలుగురం" అని నవ్వాడు.

సరే, మనదీ చూద్దామని కావలి గురించి వెతికా. 2011లో 90,099 మంది, ఆడవాళ్లు ఇంతమంది, మగవాళ్లు ఇంతమంది, చదువుకున్నవాళ్లు ఇంతమంది. అయిపోయింది. నేను పుట్టి 58 ఏళ్లు, ఇక్కడే ఉన్నా. మా ఒక్క వీధిలోనే తలుపులు మూసుకున్నాక నాలుగైదు భాషలు మాట్లాడుకుంటారు. ఒహాయోలో అనామకపు ఊరికి ఉన్న లెక్క మనకెందుకు లేదు? ఎక్కడైనా ఉంటే చెప్పండి.

పెన్నాఒడ్డు
మన జనాభా లెక్కల్లో జాతి అనే గడే లేదండీ. మతం, మాతృభాష అడుగుతారు. ఎస్సీ, ఎస్టీ అయితే ఏ కులమో, ఏ తెగో రాసుకుంటారు. మిగతా కులాలన్నీ లెక్కపెట్టి అంకెలు బయటపెట్టింది ఆఖరుసారి 1931లో. 2027 లెక్కల్లో మళ్లీ అందరి కులమూ అడుగుతామని కేంద్రం 2025లో నిర్ణయించింది.

ఉన్న అంకెలు చెప్తా. 2011లో నెల్లూరు జిల్లా జనం 29,63,557. అందులో ఎస్టీలు 2,85,997. దాదాపు పదిమందికి ఒకరు. వాళ్లలో ఎక్కువమంది యానాదులే.

సాయంకాలం_టీ
గడి ఎందుకబ్బా. మన ఊళ్లో కొత్తగా ఎవరన్నా అద్దెకి దిగితే మా మేనత్త పాలు ఇచ్చే వంకన పోతుంది. "మీదేవూరమ్మా? ఇంటిపేరేంది? మీరేమవుతారు?" గవర్నమెంటుకి పదేళ్లు పట్టేది ఆమెకి పావుగంట.

ఉప్పుటేరు
@సాయంకాలం_టీ మేనత్తకి ఎన్యుమరేటర్ బ్యాడ్జీ ఇవ్వాల్సిందే.

బిట్రగుంట_బొగ్గు
కావలి సంగతి తర్వాత, పక్కన మా బిట్రగుంట గురించి రాయనీయండి. నేను పుట్టి పెరిగింది రైల్వే క్వార్టర్స్‌లో. బొగ్గింజన్ల షెడ్డు నడిచిన రోజుల్లో మా వరసలో సగం మంది ఆంగ్లో ఇండియన్లే. డ్రైవర్లు, గార్డులు. మా నాన్న ఫైర్‌మన్. ఆయన డ్రైవర్ ఒక దొరగారు. దొర అంటే దొరేం కాదు, రంగు మా నాన్న కంటే ఒక పాలు తక్కువ నలుపు. కానీ డ్యూటీ దిగి ఇంటికొస్తే ముందు బూట్లు తుడిచి, తర్వాత మొహం కడుక్కునేవాడు. ఆ అలవాటు మా నాన్నకీ అంటింది. చెప్పులేసుకుని డ్యూటీకి పోయినా సరే, వచ్చాక ఆ చెప్పులు తుడిచేవాడు.

వాళ్లింట్లో ఆంటీకి ఇంగ్లీషు కంటే తెలుగు తిట్లే బాగా వచ్చు. కోళ్లు ఆమె రోజాచెట్లలో దూరాయంటే వీధి చివరిదాకా వినపడేది. ఆదివారం పసుపన్నం, బాల్ కర్రీ అని కైమా ఉండల కూర చేసేది. నాకు ఒక గిన్నె వచ్చేది. క్రిస్మస్‌కి ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు. కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాళ్లం పిల్లకాయలందరం. స్టీమ్ పోయింది, షెడ్డు పోయింది. వాళ్లలో కొందరు మద్రాసు పెరంబూరుకి, కొందరు ఆస్ట్రేలియాకి పోయారు.

మన రాజ్యాంగంలో తాత ముత్తాతల పుట్టుక చూసి అర్థం చెప్పిన మనుషులు వీళ్లు. 366వ అధికరణం. తండ్రి వైపు మగవాళ్లలో ఎవరో ఒకరు యూరప్ మనిషై ఉండాలి. తల్లి వైపు తెల్లవాళ్లుంటే లెక్కలోకి రాదు. అసెంబ్లీలో వాళ్లకొక నామినేటెడ్ సీటు ఉండేది. 2020 జనవరి నుంచి అదీ లేదు.

ట్రంకురోడ్డు
@బిట్రగుంట_బొగ్గు ఆ ఇన్‌స్టిట్యూట్ కిటికీ ఊచలు పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నా. కావలి నుంచి పాసింజర్‌లో టికెట్ లేకుండా వచ్చేవాళ్లం.

డేటన్_దగ్గర
ఒహాయో మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఇక్కడి గడులు చూసి మోసపోకండి. 1920, 1930, 1940 అమెరికా లెక్కల్లో మనకిచ్చిన జాతి పేరు "హిందూ". పంజాబు నుంచి పోయిన సిక్కయినా, ముస్లిమైనా రాసింది హిందూ అనే. భగత్ సింగ్ థింద్ అనే సిక్కాయన నాకు పౌరసత్వం ఇవ్వండని కోర్టుకెక్కితే, 1923లో నువ్వు తెల్లవాడివి కావు పొమ్మంది అక్కడి సుప్రీంకోర్టు. 1970 లెక్కల్లో మళ్లీ మనల్ని తెల్లవాళ్లలో కలిపారు. 1980 నుంచి "ఏషియన్ ఇండియన్". మనిషి అదే మనిషి. గడే మారుతూ వచ్చింది.

ఉప్పుటేరు
1970 నుంచి 1980 దాకా మనం తెల్లగా ఉన్నామన్నమాట. మా అక్కకి సంబంధాలు చూసే రోజుల్లో ఈ సంగతి తెలిస్తే బాగుండేది.

తిప్పమనిషి
మాది కప్పరాళ్లతిప్ప. ఇక్కడ చాలామందికి ఆ పేరు వినగానే ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. ఎరుకలోళ్లం.

ట్రంకురోడ్డు గారు "మనకెందుకు లెక్క లేదు" అన్నారు. మా వాళ్లకి లెక్క ఉండేది సార్. బాగా ఉండేది. 1871 నాటి నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. కులం మొత్తాన్ని పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. అమెరికా బాప్టిస్టు మిషన్ వాళ్లు కావలిలో సెటిల్‌మెంట్ నడిపారు, అంటే మావాళ్లని నిఘాలో ఉంచే చోటు. స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ వాళ్లు. రిజిస్టర్, వేలిముద్ర, హాజరు. పాస్ లేకుండా ఊరు దాటితే నేరం. మా తాతకి నూరేళ్లు దగ్గరపడ్డాక కూడా సాయంత్రం చీకటిపడే వేళకి వాకిట్లోకొచ్చి నిలబడేవాడు. ఎందుకు తాతా అంటే "పిలుస్తారు" అనేవాడు. చట్టం పోయి అప్పటికి యాభై ఏళ్లు.

దేశమంతా ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న. మాకు ఆ రోజు ఆగస్టు 15 లాంటిది.

ఇంకొకటి. మేం ఇంట్లో మాట్లాడేది కుర్రు భాష. 2011 మాతృభాషల పట్టికలో దాన్ని తమిళం కింద కలిపారు. నమ్మకపోతే చూసుకోండి.

ట్రంకురోడ్డు
నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. సెటిల్‌మెంట్ అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నా, అది ఒక వీధి పేరనే అనుకున్నా.

పెన్నాఒడ్డు
@తిప్పమనిషి మీ బాధ అర్థమైంది. కానీ లెక్క లేకపోతే రిజర్వేషన్ ఎట్టా వస్తుంది, హాస్టల్ ఎట్టా వస్తుంది? లెక్కే వద్దంటే నష్టపోయేది మీరే.

తిప్పమనిషి
లెక్క వద్దని నేనెక్కడన్నా? నా ఉద్యోగం వచ్చిందే ఎస్టీ సర్టిఫికెట్ మీద. రాసేవాడెవరు, ఎందుకు రాస్తున్నాడు అని అడుగుతున్నా. అంతే.

తండా_పిల్ల
మాతృభాషల పట్టిక అన్నారు కాబట్టి నేనూ దూరుతున్నా. మాది గిద్దలూరు వైపు తండా. ఇంట్లో గోరుబోలి, అంటే లంబాడీ భాష. దాన్ని లెక్కల్లో హిందీ కింద వేశారు. మా అవ్వకి హిందీలో మంచినీళ్లు అడగడం కూడా రాదు! హైదరాబాదులో రైలెక్కి "పానీ" అనబోయి "పాణి" అని, అదృష్టం బాగుండి నీళ్లే వచ్చాయి.

సాయంకాలం_టీ
మరి ఎరుకల తమిళం, లంబాడీ హిందీ. వడ్డెరోళ్ల వడరిని తెలుగు కింద వేశారా?

పెన్నాఒడ్డు
అవును, వడరి తెలుగు కిందే ఉంది.

ఉప్పుటేరు
సముద్రంలో చేపలు పట్టే మా పట్టపు వాళ్లని ఎక్కడ కలిపారో మరి. కావలి నుంచి తీరానికి దిగితే పట్టపుపాళేలు వరసగా ఉంటాయి. మా ఇళ్లల్లో మాట తమిళానికి దగ్గరగా ఉంటుంది. చెన్నై పోయి మాట్లాడితే వాళ్లు నవ్వుతారు, కావలి వచ్చి మాట్లాడితే వీళ్లు నవ్వుతారు. ఎన్యుమరేటర్ మా నాన్నని అడగలేదు. తెలుగులో పలకరించాడు, ఈయన తెలుగులో బదులిచ్చాడు, తెలుగు అని రాసుకుని పోయాడు. సముద్రం మీద గాలి పేర్లు మాత్రం మా నాన్న ఇప్పటికీ తెలుగులో చెప్పలేడు.

సింగు_నెల్లూరు
నా పేరు చివర సింగ్ ఉంటుంది. బొందిలోళ్లం. ఎప్పుడో పాతకాలంలో బుందేల్‌ఖండ్ వైపు నుంచి సిపాయిలుగా దిగి ఇక్కడే ఉండిపోయారంటారు మా పెద్దవాళ్లు. ఇంట్లో ఒక రకం హిందీ. అసలు హిందీ వాళ్లకి అర్థం కాదు. స్కూల్లో నన్ను "తలపాగా యాడ పెట్టావు రా" అని అడగని వాడు లేడు. ఢిల్లీలో ఇంటర్వ్యూకి పోతే "సింగ్ అంటున్నావు, ఈ యాసేంది" అన్నారు.

మస్తానమ్మ_మనవడు
మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో తెలుగే. ఉర్దూ నాకు నమాజు వరకు కూడా రాదు, అది అరబ్బీ కాబట్టి. మా అత్తగారిది ఉదయగిరి. చెక్క స్పూన్లు, గరిటెలు చేసే ఇల్లు, ఫుల్లు ఉర్దూ. పెళ్లిచూపుల్లో వాళ్లు నా గురించి నా ముందరే ఉర్దూలో మాట్లాడుకున్నారు, నేను పళ్లికిలిస్తూ కూర్చున్నా. కాగితాల్లో కూడా తేడానే. దూదేకులకి బీసీ-బి, షేక్‌లకి బీసీ-ఇ. బయటి వాడికి మాత్రం అందరం సాయిబులమే.

పేరు చూసి లెక్కేద్దామంటే మన జిల్లాలో కుదరదు. కసుమూరు దర్గాకి మొక్కుకుని పేరు పెట్టనిదెవరు? మా బడిలో ముగ్గురు మస్తాన్లు. ఒకడు రెడ్డి, ఒకడు యానాది, మూడోవాణ్ణి నేను.

డేటన్_దగ్గర
ఇది మా ఆఫీసులో హెచ్ఆర్ వాళ్లకి చెప్పాలి. మస్తాన్ రెడ్డి అని చూసి వాళ్ల సాఫ్ట్‌వేర్ తల తిరుగుతుంది.

మత్తు_టెక్నీషియన్
జాతి లేదు, గడి లేదు అంటున్నారు గానీ ఆపరేషన్ థియేటర్లో నేను రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మీరు వైశ్యులా?" పోయిన నెల ఒక పేషెంటు బావమరిది నా మీదికి వచ్చాడు, కత్తి పెట్టేచోట కూడా కులమేనా అని.

సంగతేందంటే, గొంతులోకి గొట్టం వేసే ముందు సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తారు. కండరాలన్నీ వదులైపోతాయి, ఊపిరి తీసుకునేవి కూడా. మామూలుగా ఐదారు నిమిషాల్లో ఒంట్లో అరిగిపోతుంది. దాన్ని అరగదీసే ఎంజైమ్ కొందరికి పుట్టుకతోనే ఉండదు. వాళ్లకి గంటల తరబడి మనిషి కదలడు, సొంతంగా ఊపిరి ఉండదు, మిషన్ మీద పెట్టి కాచుకోవాలి. ఈ లోపం వైశ్యుల్లో బయటివాళ్ల కంటే చాలా ఎక్కువ. అందుకని ముందే అడిగి వేరే మందు వాడతారు.

మా డాక్టరమ్మ చెప్పిందేమంటే, హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లు, అమెరికా హార్వర్డ్ వాళ్లు కలిసి 2009లో మన వాళ్ల డీఎన్ఏ మీద పేపర్ వేశారు. ఉత్తరాది, దక్షిణాది అని మనం తన్నుకుంటాం గానీ, దేశంలో దాదాపు అందరూ రెండు పాత జనాల కలగలుపేనంట, పాళ్లలోనే తేడా. 2013లో ఇంకో పేపర్లో ఆ కలయిక 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా సాగిందని తేల్చారు. తర్వాత ఎవరి గుంపులో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోవడం మొదలుపెట్టారు. వైశ్యులైతే రెండు మూడు వేల ఏళ్లుగా బయటికి పోలేదని డీఎన్ఏలో కనపడుతోందంట.

చిల్లరకొట్టు_శెట్టి
@మత్తు_టెక్నీషియన్ మా నాన్నకి హెర్నియా చేసినప్పుడు ఇదే అడిగితే నేనూ అలిగా. తర్వాత మా చిన్నాన్న కొడుకుని నాలుగు గంటలు మిషన్ మీద పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఇంటిల్లిపాది పర్సుల్లో చీటీ ఉంది, ఈ మందు ఇవ్వొద్దని. మేనరికాలు మానేస్తే సరిపోతుందనుకున్నా. అది చాలదంట కదా?

మత్తు_టెక్నీషియన్
చాలదు. మేనరికం కాకపోయినా గుంపు అదే కదా శెట్టిగారూ. రెండు వేల ఏళ్లుగా ఒకే బజార్లో పెళ్లిళ్లు.

గెలాక్సీ_బండ
కావలి వాళ్లు పాత సంగతులు చెప్తున్నారు. మా చీమకుర్తికి రండి, ఇప్పటి సంగతి చూపిస్తా. గెలాక్సీ గ్రానైట్ క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు. ఒడిశా, బీహార్, రాజస్థాన్ కుర్రోళ్లు. సెల్ రీచార్జి షాపు బోర్డు మీద ఒడియా ఉంటుంది. కూరగాయల కొట్టులో పొటల్స్ అని దొండకాయ లాంటిది పెద్దది అమ్ముతారు, అది మనోళ్లెవరూ కొనరు. మా ఇంటి పక్క రేకుల షెడ్లో పన్నెండు మంది ఉంటారు. రాత్రి షిఫ్టు వాళ్లు లేస్తేగానీ పగటి షిఫ్టు వాళ్లకి పడుకునే జాగా లేదు. తెల్లారి ఒంటినిండా రాతిపొడితో వస్తారు. ఆ వేళకి ఎన్యుమరేటర్ వస్తే అందరూ తెల్లవాళ్లనే రాసుకుంటాడు.

పచ్చిమిరప
వాళ్లని ఊరి లెక్కలో ఎందుకేస్తారు? పనికొచ్చారు, పోతారు. ఊరోళ్లంటే ఇక్కడ రేషన్ కార్డు, ఓటు, శ్మశానం ఉన్నోళ్లు.

డేటన్_దగ్గర
@పచ్చిమిరప ట్రంకురోడ్డు గారి అబ్బాయి కూడా పనికొచ్చినోడే. వాళ్ల ఊరు లెక్కలో వేసుకుంది కదా.

పచ్చిమిరప
అది వేరు.

గెలాక్సీ_బండ
ఎట్టా వేరు?

పచ్చిమిరప
వేరంటే వేరు. ఈ బయటోళ్లు బజారు మొత్తం ఆక్రమించారు. కావలిలో తాకట్టు కొట్లన్నీ ఎవరివి?

వెండిపట్టీలు
ఒకటి నాది. మా తాత రాజస్థాన్ జాలోర్ నుంచి వచ్చాడు. మా నాన్న పుట్టింది కావలి, నేను పుట్టింది కావలి. మార్వాడీ మాట్లాడతా, రాయమంటే చేతకాదు. రొయ్యల గుంట పోయిందని ఎవరేడ్చినా మా కొట్లోనే ఏడుస్తారు, కాబట్టి ఊళ్లో ఎవరి పరిస్థితేందో మీ కంటే నాకే ఎక్కువ తెలుసు. ఓటుంది, రేషన్ కార్డు ఉంది. మా తాతని దహనం చేసింది ఇక్కడే. మీరు చెప్పిన మూడూ సరిపోయినాయి పచ్చిమిరప గారూ. ఇంకేమన్నా కాగితం కావాలా?

పచ్చిమిరప
సరే, మీరు ఊరోళ్లే. వడ్డీ అర్ధరూపాయి తగ్గించండి, ఇంకా ఊరోళ్లవుతారు.

వెండిపట్టీలు
ఇప్పుడు నిజమైన కావలోడిలా మాట్లాడారు.

చెరువుకట్ట
ఇంతసేపు చదివా. యానాదుల గురించి పెన్నాఒడ్డు గారు ఒక అంకె చెప్పి వదిలేశారు, ఇంకొకరు మస్తాన్ అనే పేరు దగ్గర చెప్పారు. మీరందరూ ఎక్కడి నుంచి వచ్చారో చెప్పుకుంటున్నారు. బుందేల్‌ఖండ్, జాలోర్. మేం ఎక్కడి నుంచీ రాలేదు. ఇక్కడే ఉన్నాం. శ్రీహరికోట దీవిలో ఉన్న మావాళ్లని మాత్రం రాకెట్ల కోసం అక్కణ్ణించి లేపారు. 1971లో మొదటి రాకెట్ ఎగిరింది.

మాలో కూడా రెడ్డి యానాదులు, చల్లా యానాదులు అని తేడాలున్నాయి, అవీ మీకు అక్కర్లేదు. నెల్లూరాయన వెన్నెలకంటి రాఘవయ్య గారు మావాళ్ల కోసం సంఘం పెట్టి తిరిగాడు, 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. ఆయన పేరు ఇక్కడ ఎంతమందికి తెలుసు? మా పెద్దమ్మ కాలవగట్టు మీద ఉంటుంది. పేరు అడిగారు, పోలమ్మ అంది. ఇంటిపేరు అడిగి, ఆమె నోరు తెరిచే లోపల "యానాది" అని రాసుకుని పోయారు. ఆమెకి ఇంటిపేరుంది. ఓటరు కార్డులో ఈరోజుకీ యానాది పోలమ్మే.

ట్రంకురోడ్డు
రాఘవయ్య గారి పేరు విన్నా. మిగతాదంతా ఇప్పుడే తెలుసుకుంటున్నా.

ఆదివారం_గంట
మతం లెక్క గురించి కూడా ఒక మాట. అది కాగితం మతం. కందుకూరు నుంచి రామాయపట్నం దాకా ఎన్ని పల్లెల్లో ఆదివారం గంట మోగుతుందో అందరికీ తెలుసు. ఎస్సీలెవరో చెప్పే 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడని రాయించుకుంటే ఎస్సీ పోతుంది. ఇంతకు మించి నేను రాయను, మీరూ అడగొద్దు.

చావడి_పెద్ద
కులం పేరు పెట్టి తిట్టిన రెండు పోస్టులు తీసేశా. ఎవరివో వాళ్లకి తెలుసు. మూడోది వస్తే చర్చకి తాళం.

ట్రంకురోడ్డు
నిన్న సాయంత్రం నడకకి పోయినప్పుడు మా వీధి లెక్కపెట్టుకుంటూ పోయా, చేతివేళ్ల మీద. 23 ఇళ్లు. తెలుగు వాళ్లవి ఎక్కువే. ఉర్దూ ఇళ్లు నాలుగు. పైన వాటాలో ఇద్దరు బెంగాలీ కుర్రాళ్లు, బంగారప్పని. పక్కన మార్వాడీ ఇల్లు (@వెండిపట్టీలు మీరేనా?). సందు మొదట్లో గూర్ఖా కుటుంబం, నేపాల్. వాళ్ల పాప మా మనవరాలి కంటే తెలుగు బాగా మాట్లాడుతుంది. ఒక ఇంటి దగ్గర మాత్రం ఆగిపోయా. పదకొండేళ్లుగా రోజూ నమస్తే పెట్టుకుంటున్నాం, ఆయనేమవుతాడో నాకు తెలియదు. అడగాలంటే సిగ్గేసింది.

సాయంకాలం_టీ
మేనత్తని పంపిస్తా. ఫీజు అరకిలో మలైకాజా.

వెండిపట్టీలు
నేను కాదు, మా బాబాయి. మీరు ఇంటి ముందర నిలబడి వేళ్లు మడుస్తుంటే ఆయన కంగారుపడి నాకు ఫోన్ చేశాడు, ఎవరో లెక్కలు కడుతున్నారు, ఇన్‌కంటాక్సా అని.

బిట్రగుంట_బొగ్గు
@ట్రంకురోడ్డు 23లో మీ ఇల్లు వేశారా? ఏరు దాటిన శిష్యుల లెక్క కాదు కదా?

ట్రంకురోడ్డు
వేయలేదు. 24.

సాయంకాలం_టీ
ఏ గడిలో వేస్తారు?

ట్రంకురోడ్డు
అక్కడే వచ్చింది చిక్కు. మా ఆవిడది గుమ్మిడిపూండి. నాతో తెలుగు, వాళ్ల అక్కతో ఫోన్లో తమిళం, కోపమొస్తే రెండూ. ముందు ఆమెని అడిగి రేపు రాస్తా.